ట్యాంకీ లేని ఆకాశం

రిటైరైన మగవాడికి మన సమాజం మూడు దారులు చూపిస్తుంది: వాకింగ్, వాట్సాప్, వైరాగ్యం. ఈ మూడూ వద్దనుకున్నవాడు బొమ్మలు వేస్తాడు. బొమ్మల్లోనూ రకాలున్నాయి. నీటిరంగులు తొందరగా ఆరిపోతాయి, ఆక్రిలిక్ కూడా అంతే. ఆరిపోవడానికి అంత ఆత్రపడేవాటితో ఈ వయసులో స్నేహం దేనికని నేను ఆయిల్ పెయింటింగ్ ఎంచుకున్నాను. అందులోనూ ల్యాండ్‌స్కేప్. మనిషి బొమ్మ వేస్తే పోలిక రాలేదని మనిషి అలుగుతాడు. వేపచెట్టు ఇంతవరకు ఎవరిమీదా అలిగినట్టు వినలేదు.

"సైదాబాద్‌ల ల్యాండ్‌స్కేప్ ఏడున్నది సార్?" అని అడగని మనిషి లేడు. అడిగినవాళ్ళెవరూ సాయంత్రం ఆరింటికి డాబా ఎక్కినవాళ్ళు కారు. ఎక్కితే తెలుస్తుంది. ఎటు చూసినా నల్లటి నీళ్ళ ట్యాంకీలు, వాటి మధ్య ఒక మినార్, దాని పక్కన గుడి గోపురం, మలక్‌పేట వైపు టీవీ టవర్, వీటన్నిటినీ కలిపి కుట్టేస్తూ కేబుల్ వైర్లు. వైర్ల వెనకాల, కాస్త సందు దొరికిన చోట, ఆకాశం. దాని రంగు చూస్తే ఏ కుంచె పట్టినవాడైనా ఉద్యోగం మానేస్తాడు. నాకు ఆ బాధ లేదు, ఉద్యోగమే నన్ను మానేసింది.

సామాను కొన్నాక మొదటి చర్చ నూనె మీద జరిగింది. మా ఆవిడ సీసా ఎత్తి చూసి, వాసన చూసి, "ఇది అవిసె నూనే కదండీ" అంది. అవును, లిన్సీడ్ ఆయిల్ అంటే అదే. "డాక్టరు చెప్పాడని పొడి కొట్టి పెడితే గొంతు దిగదంటారు. గుడ్డ మీద పొయ్యడానికి మాత్రం ఆబిడ్స్ దాకా పోయి సీసాలు తెచ్చుకుంటారు!" దీనికి జవాబు ఏ కళాశాలలోనూ నేర్పరు.

పక్క వీధి కిరాణా అతను ఇంకో అడుగు ముందుకేసి, పల్లీ నూనె వాడితే ఖర్చు కలిసొస్తుందని సలహా ఇచ్చాడు. పల్లీ నూనె ఎన్నేళ్ళున్నా ఆరదు. అవిసె నూనె ఆరుతుంది. అదీ నీళ్ళు ఆవిరైనట్టు కాదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని తనే గట్టిపడి, రంగును గుడ్డకు పట్టి ఉంచే పొరగా మారుతుంది. అక్రోటు నూనె, గసాల నూనె కూడా ఈ జాతివే. మన తాండూరు వైపు పండే కుసుమల నూనె కూడా అంతే. అవిసె నూనె కాలంతోపాటు పచ్చబడుతుంది కాబట్టి, తెల్ల రంగులో చాలా కంపెనీలు కుసుమ నూనె కలుపుతాయి. ఈ విద్య యూరప్‌లో పదిహేనో శతాబ్దంలో వాన్ ఐక్ అనే ఆయన కనిపెట్టాడని చాలాకాలం చెప్పుకున్నారు. అఫ్ఘానిస్తాన్ బామియాన్ గుహల్లోని బౌద్ధ చిత్రాల్లో ఇలాంటి ఆరే నూనెలే ఉన్నాయనీ, అవి ఏడో శతాబ్దం నాటివనీ 2008లో శాస్త్రవేత్తలు చెప్పారు. కిరాణా అతనికి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే కుసుమ నూనె కిలో కట్టమంటరా?" అన్నాడు.

రంగు ట్యూబుల సంగతి వేరు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబుకు పేటెంట్ తీసుకునేదాకా నూరిన రంగును పంది మూత్రాశయంలో పోసి మూతి కట్టేవారట. ట్యూబు వచ్చాకే చిత్రకారులు రంగులు సంచిలో వేసుకుని పొలాల వెంట పడ్డారు. మూత్రాశయం పోయింది గానీ పంది పూర్తిగా పోలేదు. ఆయిల్ రంగుకు గట్టి కుంచె కావాలి, మంచి గట్టి కుంచెలు ఇప్పటికీ పంది వెంట్రుకలతోనే చేస్తారు. ఈ సంగతి మా ఇంట్లో తెలిస్తే బొమ్మతోపాటు నేనూ డాబా మీదే ఆరాలి.

మా గురువుగారు డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పాఠం మొదటి రోజే తేల్చేశారు: "సూడు సారూ, కన్ను సగం మూయాలె. సగం మూస్తే సగం లోకం మాయమైతది. మిగిలిందే బొమ్మ. ఉన్నదంతా ఎక్కిచ్చుడు ఫోటో పని. ఇడిసిపెట్టుడు మన పని."

వినడానికి సులువుగా ఉంది. కన్ను చికిలిస్తే చిన్న చిన్న వివరాలు కరిగిపోయి వెలుగు, నీడ రెండే మిగులుతాయి. కొలతకు కుంచెను చాచిన చేత్తో నిలువుగా పట్టుకుని, ఒక కన్ను పూర్తిగా మూసి, బొటనవేలు పైకీ కిందికీ జరపాలి. ప్రపంచంలో ప్రతి చిత్రకారుడూ చేసేది ఇదే. అయితే ప్రపంచంలో ప్రతి చిత్రకారుడి ఎదురింటి డాబా మీద ఆ సమయానికి బట్టలు ఆరేసే ఇల్లాలు ఉండదు. అరవై దాటిన మనిషి ఒక కన్ను మూసి, బొటనవేలు ఆడిస్తూ తనవైపే చూస్తుంటే ఆవిడ ఏమనుకోవాలి? సాయంత్రానికి కబురు మా ఇంటికొచ్చింది. మా ఆవిడ నన్ను వెనకేసుకొస్తూ, "అబ్బే, ఆయన కొలతలు తీసుకుంటున్నారండీ" అంది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఎదురింటి బట్టలు వెనకవైపు ఆరాయి.

గురువుగారు చెప్పిన 'ఇడిసిపెట్టుడు'లో అసలు కష్టం అక్కడ కాదు, చుట్టుపక్కల వాళ్ళతో వచ్చింది. బొమ్మలో సగం ఆకాశం, ఒక వేపచెట్టు, దూరంగా గోపురం, కొండ మీది బండరాయి ఉంచి మిగతాది వదిలేశాను. విద్యుత్ శాఖలో చేసి రిటైరైన పక్కింటాయన వచ్చి చూసి, "ట్రాన్స్‌ఫార్మర్ ఏది సార్? అది నా సర్వీసులో పెట్టించిందే" అన్నాడు. గొంతులో బాధ ఉంది. వేశాను. వెనకింటి సాబ్ గోడ మీదనుంచి తొంగిచూసి, "మేరీ ట్యాంకీ కిధర్ గయీ సాబ్? నయీ ట్యాంకీ హై, హజార్ లీటర్!" అన్నాడు. రంజాన్‌కు ఏటా హలీమ్ పంపే మనిషి ట్యాంకీని తీసేసి సూర్యాస్తమయం పెట్టుకోవడం ధర్మం కాదు. వేశాను. మూల ఇంటాయన ఇంకా దూరం ఆలోచించాడు. "ఎట్లాగూ వచ్చే ఏడు మూడో అంతస్తు లేపుతున్నం. ఇప్పుడే వేసెయ్యండి, మళ్ళీ మీకు డబల్ పని ఎందుకు?"

వాస్తు తెలిసిన బంధువు ఒకాయన బొమ్మంతా పరీక్షించి, పై కుడిమూల ఈశాన్యం కాబట్టి అక్కడ బండరాయి ఉండకూడదన్నాడు. నైరుతికి జరపమన్నాడు. దేవుడు జరపని బండను నేనెలా జరిపేదని అడిగితే, "అందుకే ఆ కొండ కింద ఎవరూ బాగుపడలేదు" అన్నాడు.

ఇంటి చుట్టూ ఉన్నవాళ్ళకు ఆస్తులుంటాయి, బండలకు ఏముంటుందని గురువుగారు నన్ను అస్మాన్‌గఢ్ గుట్టకు తీసుకెళ్ళారు. నిజాం కొలువులో సైన్యాన్ని నడిపిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోతే అక్కడే సమాధి చేశారు. దాని మీద ఎత్తైన రాతి స్తంభం ఉంది. మూసారాంబాగ్ పేరులో ఉన్నది ఆయనేనంటారు. చుట్టూ మన హైదరాబాద్ గ్రానైటు, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అన్నేళ్ళు కదలకుండా కూర్చున్న మోడల్ ఏ ఆర్ట్ స్కూల్లోనూ దొరకదు.

మోడల్ కదలదు, నిజమే. సూర్యుడు కదులుతాడు, గంటకు 15 డిగ్రీలు. నీడ గీసి, దానికి సరైన ఊదారంగు కలిపేలోపు నీడ పక్కబండకు పోతుంది. అందుకే ఆరుబయట వేసేవాళ్ళు రెండు గంటల్లో తేల్చేస్తారు, లేదా వెలుగు మారినప్పుడల్లా గుడ్డ మారుస్తారు. ఫ్రాన్సులో మొనే 1890, 91లలో అదే పనిగా గడ్డివాముల బొమ్మలు వేశాడు, పాతిక దాకా ఉన్నాయి. మా ఊళ్ళో అన్ని వాములు చూస్తే ఎన్నెకరాల ఆసామో అని పిల్లనిచ్చేవారు.

సూర్యుడితోనే సతమతమవుతుంటే జనం చేరారు. మూడు కాళ్ళ స్టాండు, దాని వెనకాల ఒక కన్ను మూసిన మనిషి. "సర్వేనా సార్? రోడ్డు వెడల్పా?" అన్నాడొకడు. "మెట్రో ఇటునుంచేనా?" అన్నాడు ఇంకొకడు. బొమ్మ వేస్తున్నానంటే ఎవరూ నమ్మలేదు. ఒక పెద్దాయన నన్ను పక్కకు తీసుకెళ్ళి, "మా ఇల్లు గీతకు ఇవతలనా, అవతలనా? జర నిజం చెప్పు బిడ్డా" అన్నాడు. బొమ్మలో ఆయన ఇల్లు లేదన్నాను. ఆ పూట నా బొమ్మను చూసి మనస్ఫూర్తిగా సంతోషించిన మనిషి ఆయనొక్కడే. వదిలెయ్యడంలోని గొప్పతనం ఆయనకే అర్థమైంది.

గోదావరి వాళ్ళకు ఈ ఇబ్బందులు లేవని మొదట్లో అసూయపడేవాణ్ణి. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావుకు గోదావరి ఉంది, చెయ్యిపట్టి నడిపించడానికి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఉన్నాడు. 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయినా ఆయన పేర ఇప్పటికీ అక్కడ ఆర్ట్ గ్యాలరీ నడుస్తోంది. మనకు మూసీ ఉంది. దానికి సరిపడే రంగు కలపొచ్చు, వాసనే ట్యూబులో రాదు. అయితే మన దగ్గరా చూసే కన్ను ఉన్నవాళ్ళు పుట్టారు. కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని వచ్చి, హైదరాబాద్ లలితకళల కాలేజీలో పాఠాలు చెబుతూ ఈ బండలనే బొమ్మలు వేశారు. మధిర నుంచి వచ్చిన సూర్యప్రకాశ్ పేరు చెబితే తామర కొలనులు గుర్తొస్తాయి గానీ, అంతకుముందు ఆయన వేసింది తుప్పుపట్టిన కార్లను. ఆ లెక్కన సైదాబాద్ మీద బెంగపెట్టుకోవాల్సిన పని లేదు. ఇక్కడ తుప్పుకు లోటు లేదు.

బొమ్మ వెయ్యడం ఒక ఎత్తు, ఆరబెట్టడం ఒక ఎత్తు. సిద్ధాంతం చిన్నదే: కింది పొర టర్పెంటైనుతో పలచగా, పై పొరకు నూనె ఎక్కువగా. తిరగేస్తే పైది ముందు ఆరి, కిందిది ఆరుతూ కదిలి, బొమ్మ నెర్రెలు బారుతుంది. రంగుల్లోనూ గుణాలు వేరు. అంబర్ అనే మట్టిరంగులో మాంగనీసు ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్ బద్ధకంగా ఆరుతుంది. నేను వేసినవన్నీ నల్ల ట్యాంకీలు.

ఆ ట్యాంకీలు ఆరేలోపు డాబా మీదికి ప్రపంచం వచ్చిపోయింది. మెయిన్ రోడ్డు దుమ్ము వచ్చింది. సంక్రాంతికి మాంజా వచ్చి ఆకాశాన్ని అడ్డంగా కోసింది. మా బావమరిది తెల్ల చొక్కా వేసుకొచ్చి, సూర్యాస్తమయాన్ని వీపు మీద మోసుకుపోయాడు. దోమల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకసారి చుట్టమొకాయన బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "అన్నిటికన్నా ఆ గూటికి పోయే పక్షులు! ఒక్కో రెక్కా ఎంత సన్నగా వేశారండీ!" అని మెచ్చుకున్నాడు. పక్షులు నేను వెయ్యలేదు. అవి మూసీ వైపు నుంచి వచ్చి అతుక్కున్నవి.

ఇంటిల్లిపాదికీ కళ మీద గౌరవం కలగాలని ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. దివాన్ దేవిడీలో 1951లో తెరిచి, 1968లో ఇప్పటి భవనంలోకి మార్చారు. అక్కడ గంట గంటకూ జనమంతా గడియారం దగ్గరికి పరిగెత్తుతారు, బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది కాబట్టి. ఆ సమయంలో పాశ్చాత్య చిత్రాల గదిలోకి వెళ్ళాలి. నూనెరంగును దగ్గరగా చూస్తే అంతా గీతలు, చుక్కలు, ముద్దలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఆ ముద్దే ఆకు అవుతుంది. ఈ నాలుగడుగులు మా డాబా మీద లేకపోవడమే నా కళకు పెద్ద అడ్డంకి అని మా ఆవిడకు వివరించాను. ఆవిడ ఒక దృశ్యం ముందు ఆగి, ఆకాశాన్ని కాసేపు చూసి తీర్పు చెప్పింది: "వీళ్ళకు ట్యాంకీలు లేవండీ, అందుకే బాగా కుదిరింది."

కళ గురించి ఇంత పొట్టి విమర్శ నేను ఎక్కడా చదవలేదు. గురువుగారు చెప్పిందీ ఇదే. కాకపోతే లేని ట్యాంకీని వదిలెయ్యడం ఎవరికైనా చేతనవుతుంది. ఉన్న ట్యాంకీని, అందులోనూ హలీమ్ పంపేవాళ్ళ ట్యాంకీని, చూస్తూ చూస్తూ వదిలెయ్యడానికి గుండె కావాలి. గురువుగారు నా బొమ్మ చూసి, "ట్యాంకీ మంచిగొచ్చింది సారూ. ఆకాశం ఇంక నేర్వాలె" అన్నారు. వెనకింటి సాబ్ మొదటి వాక్యం మాత్రం విని, ఆ బొమ్మ తనకిమ్మని అడిగాడు. ఇప్పుడది వాళ్ళ హాల్లో ఉంది.

మీకూ ఈ కోరిక పుడితే నాలుగు మాటలు వినండి. తెలుపు పెద్ద ట్యూబు కొనండి, మిగతావి చిన్నవి చాలు. ట్యూబులోని ఆకుపచ్చను అలాగే పూయకండి, మన వేపచెట్టు ఆ రంగులో ఉండదు, పసుపులో నీలం కలుపుకోండి. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి తనంతట తానే అంటుకుంటుంది. విప్పి ఆరెయ్యండి, లేదా నీళ్ళలో వెయ్యండి. వార్నిష్‌కు తొందరపడకండి, బొమ్మ లోపలిదాకా ఆరడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అప్పటిదాకా కాలనీలో ఎవరికీ చూపించకండి. చూపించారో, అందులో వాళ్ళ ట్యాంకీ కూడా వెయ్యాల్సిందే.