డబ్బా నిండింది

పాపకు అప్పుడు ఏడాదిన్నర. పాలు తాగుతూనే ఆయాసపడి వదిలేసేది. నుదుట చెమట పట్టేది. నెల తిరక్కుండా నిమ్ము. 2017లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగు తీసి, గుండె కింది గదుల మధ్య పెద్ద రంధ్రం ఉందన్నారు. ఆపరేషన్‌కు మూడు లక్షలని చీటీ రాసిచ్చారు. తండ్రి గద్వాలలో చీరలు నేసే కూలీ. మగ్గం మీద వచ్చేది ఇల్లు గడవడానికే సరిపోదు.

అయిదు లీటర్ల నూనె డబ్బా ఒకటి కడిగి, మూత మీద కత్తితో చీలిక పెట్టాడు. పక్కన పాప ఫొటో అతికించాడు. మూత ఊడకుండా మగ్గం దారం గట్టిగా చుట్టాడు. అది చేతపట్టుకుని బయల్దేరాడు.

పాలమూరోళ్లది పెట్టే చెయ్యి. జమ్మిచేడు జములమ్మ జాతరలో పసుపంటిన చిల్లర పడింది. వనపర్తిలో చదువుకునే పిల్లలు బస్సు చార్జీలు మిగిల్చి వేశారు. నాగర్‌కర్నూల్ మార్కెట్‌లో పల్లీలు అమ్ముకున్న రైతులు పట్టీ చేతికందగానే పది, ఇరవై తీసి ఇచ్చారు. బొంబాయికి వలసపోయి మట్టిపని చేసుకునే దూరపు చుట్టం వెయ్యి రూపాయలు పంపాడు. తమ ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైనవాళ్లు ఇంకొకరి బిడ్డకోసం ఇచ్చిన డబ్బది. ఆ డబ్బుకు దండం పెట్టాలి.

మధ్యలో కరోనా వచ్చి జాతరలు ఆగాయి, మార్కెట్లు మూతపడ్డాయి. డబ్బాలో చిల్లర చప్పుడు కూడా ఆగింది. అయితే ఒక ఊరట. పాపకు నిమ్ము రావడం తగ్గింది, మునుపటి ఆయాసం లేదు, ఒళ్లు కూడా కాస్త పట్టింది. జములమ్మ తల్లి చల్లగా చూసిందని ఇంటిల్లిపాదీ మొక్కుకున్నారు. ఇంకొన్నాళ్లు ఆగినా పర్వాలేదనుకున్నారు.

2021 చివర్లో మూడు లక్షలూ పూర్తయ్యాయి. రబ్బరు బ్యాండ్లు వేసిన పది రూపాయల కట్టలు, చిల్లర మూట సంచిలో పెట్టుకుని హైదరాబాద్‌లో ఓ పెద్దాసుపత్రికి వెళ్లారు. కౌంటర్ దగ్గర సంచి విప్పబోతుంటే ఆరోగ్యమిత్ర అమ్మాయి ఆపింది.

“రేషన్ కార్డు ఉందా అన్నా?”

“ఉందమ్మా.”

“అయితే పైసలు లోపల పెట్టుకో. చిన్నపిల్లల గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నయ్. ఒక్క రూపాయి కట్టేది లేదు.”

అమ్మమ్మ అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది, సంతోషంతో. తండ్రి అప్పుడే లెక్కలు వేసుకున్నాడు, మిగిలిన డబ్బుతో ఎవరి పిల్లకు సాయం చేయొచ్చని.

రెండు రోజులు పరీక్షలు చేశారు. తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం పంపి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి కొలిచారు. డాక్టరు పాప గోళ్లు చూశాడు, పెదాలు చూశాడు. రెండూ నీలం తిరుగుతున్నాయి. తండ్రిని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు.

ఆ రంధ్రం గుండా ఇన్నేళ్లూ ఎక్కువ రక్తం ఊపిరితిత్తుల మీద పడింది. ఆ ఒత్తిడికి అక్కడి రక్తనాళాలు గట్టిపడిపోయాయి. ఇప్పుడు చెడు రక్తమే ఎదురు తిరిగి ఒళ్లంతా పోతోంది. ఈ స్థితిలో రంధ్రం మూస్తే పాప ప్రాణానికే ముప్పు. మందులతో నెట్టుకు రావడమే. నిమ్ము తగ్గిందని, ఆయాసం తగ్గిందని ఇంట్లో సంబరపడ్డ రోజులున్నాయే, నాళాలు గట్టిపడిన రోజులవే. ఏడాదిన్నర వయసులో తెచ్చి ఉంటే రంధ్రం మూసి పంపేవాళ్లు.

తండ్రి చాలాసేపటికి గొంతు పెగల్చుకుని కౌంటర్ దగ్గరికొచ్చాడు.

“ఈ ఉచితం ఈ మధ్యనే వచ్చిందా అమ్మా?”

“లేదన్నా, 2007 ఏప్రిల్ 1 నుంచి ఉంది. మొట్టమొదలు మూడు జిల్లాల్లోనే పెట్టిన్రు. శ్రీకాకుళం, అనంతపురం, మన మహబూబ్‌నగర్.”

2016లో జిల్లాలు విడిపోయేదాకా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే.