కంబోడియా వెళ్ళే జంటకు కొన్ని తలకిందుల సలహాలు

ముందుగా ఆంగ్‌కోర్‌కి వెళ్ళకండి. అందరూ సియెమ్ రీప్‌లో దిగి గుళ్ళకి మూడు రోజులు, రాజధానికి ఒక పూట ఇస్తారు. మీరు తిరగేయండి. నాంపెన్‌లో దిగి నాలుగు రోజులుండండి. అందులో రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకండి.

ట్యూల్ స్లెంగ్ జైలు, చెంగ్ ఎక్ సామూహిక సమాధులు రెండూ ఒకే రోజు చుట్టబెట్టే టూర్లున్నాయి. వాటి జోలికి పోవద్దు. ట్యూల్ స్లెంగ్ ఒకప్పుడు హైస్కూలు. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సేన నగరంలోకి వచ్చి, రోజుల్లోనే జనాన్నంతా పల్లెలకి తరిమేసింది. తర్వాత ఆ బడినే ఎస్-21 అనే జైలుగా మార్చింది. 12 వేలమందికి పైగా అందులోకి వెళ్ళారు. ప్రాణాలతో బయటికొచ్చినవాళ్ళు ఏ కొద్దిమందో. లోపలికి తీసుకురాగానే తీసిన ఫొటోలు ఇప్పుడు బోర్డుల నిండా ఉన్నాయి. పిల్లలున్నారు, చంకలో బిడ్డతో తల్లులున్నారు. వాటిని మళ్ళీ ఫొటో తీయకండి. ఆవరణలో దేవగన్నేరు చెట్ల దగ్గర 14 తెల్లటి సమాధులుంటాయి. 1979 జనవరిలో జైలు వదిలి పారిపోతూ కాపలావాళ్ళు చంపేసిన ఖైదీలవి. అక్కడ కాసేపు కూర్చోండి.

ఆ సాయంత్రం మీరిద్దరూ మాట్లాడుకోకండి. బాధని పంచుకోమనే అందరూ చెబుతారు, నేను మాత్రం వద్దంటాను. మేం మాట్లాడబోయి, నీళ్ళ సీసా ఎవరు మర్చిపోయారన్న దాని మీద నడిరోడ్డు మీద గొడవపడ్డాం. ఖ్మేర్ రూజ్ పాలనలో, సుమారు 80 లక్షల జనాభాలో 15 నుంచి 20 లక్షలమంది పోయారని అంచనా. ఒక్క పూటలో దాని మీద చెప్పదగ్గ మాట మన దగ్గరేం ఉంటుంది? నది ఒడ్డున పక్కపక్కన నడవండి, చాలు.

బేరమాడకండి. వీపున సంచీ వేసుకుని తిరిగేవాళ్ళకి బేరం ఒక గొప్ప, నాకు తెలుసు. కానీ డాలరుకి దాదాపు నాలుగు వేల రియల్స్. మీరు పావుగంట వాదించి మిగుల్చుకునే వెయ్యి రియల్స్ మన డబ్బుల్లో ఇరవై రూపాయల చిల్లర. ఖ్మేర్ రూజ్ డబ్బునే రద్దు చేసింది, నేషనల్ బ్యాంకుని పేల్చేసింది. రియల్ మళ్ళీ జనం చేతికి వచ్చింది 1980లో. అలాంటి చోట మామిడికాయలు కోసి, ఉప్పూ కారం పొట్లం కట్టి అమ్ముకునే ఆమె చెప్పిన ధర ఇచ్చేయండి. డాలర్లు మాత్రం చిరుగు లేనివి పట్టుకెళ్ళండి, కొస నలిగినా తీసుకోరు.

పిల్లలకి ఏమీ ఇవ్వకండి. ఇది రాయడానికి నాకే కష్టంగా ఉంది. గుళ్ళ దగ్గర పోస్టుకార్డులు పట్టుకుని వెంటపడే పిల్ల కళ్ళలోకి చూస్తూ వద్దనడం తేలిక కాదు. కానీ ఆ పిల్ల ఎంత బాగా అమ్మితే బడికి అంత దూరమవుతుంది. అనాథాశ్రమాలు చూసి రావడం అసలే వద్దు. అక్కడి పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చూడ్డానికొచ్చే మన జాలే ఆ ఆశ్రమాలకి రాబడి. ఇవ్వాలనుంటే బట్టంబాంగ్‌లో ఫారె పొన్ల్యూ సెల్‌పక్ కళాపాఠశాల పిల్లల సర్కస్‌కి టికెట్ కొనండి. శరణార్థి శిబిరంలో బొమ్మలు వేయడం నేర్చుకున్న కుర్రాళ్ళు తిరిగొచ్చి 1994లో పెట్టిన బడి అది.

దారి తప్పకండి. ఎవరూ తొక్కని దారుల్లో వెళ్ళమని యాత్రికులు ఒకరికొకరు చెప్పుకుంటారు కదా, వాయవ్య కంబోడియాలో మాత్రం పదిమందీ నడిచిన దారే మీ దారి. పొలాల్లో ఇంకా మందుపాతరలున్నాయి. ఎర్ర బోర్డు మీద పుర్రె గుర్తు కనబడితే వెనక్కి తిరగండి. మందుపాతరల్ని వాసన పట్టే శిక్షణ పొందిన ఎలుకలు అక్కడ పనిచేస్తాయి. మగావా అనే ఎలుక ఒక్కటే నూటికి పైగా మందుపాతరల్నీ పేలని గుండ్లనీ పట్టిచ్చి, 2020లో బంగారు పతకం అందుకుంది.

ఆంగ్‌కోర్ వాట్‌లో సూర్యోదయం వదిలేయండి. అందరూ కొలను దగ్గర ఫోన్లు ఎత్తుకుని ఉంటారు. మీరు తూర్పు వసారాలోకి వెళ్ళి, 49 మీటర్ల పొడవున చెక్కిన క్షీరసాగర మథనం ముందు నిలబడండి. వాసుకిని లాగుతున్న చేతుల వరస ఎంతకీ తరగదు. "మన విష్ణువే, మన గుడే" అని మాత్రం అనకండి. ఆంగ్‌కోర్ అంటే నగరం, మాట సంస్కృతానిదే. వాళ్ళ లిపికి పల్లవ లిపి మూలం, నిజమే. అయినా రాయి వాళ్ళది, చెమట వాళ్ళది.

ఇదొక్కటి గట్టిగా చెబుతాను. మనకి నోటిచివర ఉండే ప్రశ్న ఒకటుంది: మీది ప్రేమ పెళ్ళా, పెద్దలు చేసిందా? వయసు మళ్ళిన ఏ జంటనీ అక్కడ అది అడగొద్దు. ఖ్మేర్ రూజ్ కాలంలో పెద్దలంటే "అంగ్‌కార్", అంటే పార్టీ. మొహం కూడా ఎరగని ఆడా మగల్ని జంటలు జంటలుగా నిలబెట్టి పెళ్ళి చేసేసేవారు. రాత్రి కలిసి ఉన్నారో లేదోనని నిట్రాళ్ళ మీది ఇంటి కింద నక్కి వినేవారు. ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో నడిచిన కోర్టు 2018లో దాన్ని మానవజాతిపై నేరంగా తేల్చింది. ఆ జంటల్లో కొందరు తర్వాత విడిపోయారు, చాలామంది ఉండిపోయారు.

బట్టంబాంగ్‌లో మేం దిగిన ఇంటి దంపతులకి డెబ్బై దగ్గర. మొదటిరోజు ఆయన మమ్మల్ని అడిగాడు, ఎలా కలిశారని. మా ఆయన చెప్పాడు, అందరం నవ్వాం. తను తిరిగి అడగబోతుంటే నేను మా ఆయన మోకాలు నొక్కాను. ఆ రాత్రి నేను పళ్ళెంలో అన్నం వదిలేశాను. ఆమె ఏమీ అనలేదు. పొద్దున చూస్తే ఆ మెతుకులు వెదురు పళ్ళెంలో పలచగా పరిచి ఉన్నాయి, మా అమ్మమ్మ అన్నం వడియాలు పెట్టినట్టే. ఆకలి లేకపోయినా అక్కడ పళ్ళెం ఖాళీ చేయండి. మూడోరోజు ఆమె తనంతట తానే ఒక్క మాట చెప్పింది: అప్పట్లో గంజిలో మెతుకులు లెక్కపెట్టేదాన్నని. మేం ఏమీ అడగలేదు. వాన వచ్చేలా ఉంటే ఆమె పైకి చూసింది. ఆయన లేచి వెళ్ళి పళ్ళెం లోపల పెట్టాడు.