‘అలెజ్డ్’ దండకము

పిశాచభయమునకు ఆంజనేయ దండక మెట్లో, పరువునష్టపు దావాకు ‘అలెజ్డ్’ (ఆరోపిత) అను విశేషణ మట్లని ఆంగ్లపత్రికా విలేఖరుల దృఢవిశ్వాసము. దానిని ముందు నిలిపి పిదప పరువుగల గృహస్థుని దొంగ యనవచ్చును, వంచకు డనవచ్చును. అన్నవాడు మాత్రము ఏమియు ననని వాడే!

పూర్వ మీ పదమున కింతటి పిరికితనము లేదు. దీనికి మూలమైన క్రియ, మధ్యయుగపు ఇంగ్లండున, న్యాయస్థానమున నిలిచి ప్రమాణపూర్వకముగా వాదము వినిపించుటను తెలిపెడిది. నాడు మాటకు పూచీపడిన వాని పలుకు, నేడు ఏ పూచీయు నెరుగని వాని కాశ్రయ మైనది.

భక్తి ముదిరినకొలది వివేకము సన్నగిల్లుచుండును గదా! అనుమానితు డనగా అనుమానింపబడినవాడే. అతనికి మరల ‘అలెజ్డ్’ తగిలించి, మనవారు అనుమానమునే అనుమానించుచున్నారు. లంచము తీసికొన్నాడని అభియోగము మోపిరన్న చాలుచోట, తీసికొన్నట్లు ఆరోపింపబడుచున్నాడని అభియోగము మోపిరని వ్రాయుచున్నారు. ఇట్టి పునరుక్తి కూడదని అసోసియేటెడ్ ప్రెస్ వారి శైలిగ్రంథము హెచ్చరించుచునే యున్నది. పట్టపగలు పదిమంది యెదుట జరిగిన బ్యాంకు దోపిడియు వీరికి ‘అలెజ్డ్’ దోపిడియే. పోయిన సొమ్ము మాత్రము నిస్సందేహముగా పోయినది.

పోనీ, ఈ దండకమును చట్టమైన మన్నించునా? వ్యంగ్యముగా గాని వికల్పరూపమున గాని చేసిన నిందయు పరువునష్టము కావచ్చునని 1860 నాటి భారత శిక్షాస్మృతి 499వ సెక్షను వివరించినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, తన 356వ సెక్షనులో ఆ సూత్రమునే నిలుపుకొన్నది. పరులాడిన నిందను ప్రచురించినవాడు, అది తన మాట కాదన్నంత మాత్రమున తప్పించుకొనజాలడని ఆంగ్లేయ న్యాయసంప్రదాయమును శాసించుచున్నది.

నేరము రుజువగువరకు ముద్దాయి నిర్దోషియే. కావున తీర్పునకు ముందు సంశయవాచకము న్యాయమే. కాని సంశయించువా డెవడు, ఆరోపించువా డెవడు? పోలీసులా, ఫిర్యాదియా, పొరుగువాడా? ఆ కర్తను మరుగుపరచుటకే విశేషణమును వాడుట సత్యనిష్ఠ కాదు, సత్యమును వెదకుటలో సోమరితనము. ‘అని భోగట్టా’ యనియు, ‘విశ్వసనీయ వర్గముల కథన’ మనియు వ్రాయు మన తెలుగు పత్రికలును ఈ విద్యలో ఎవ్వరికిని తీసిపోవు.

విలేఖరులారా, ఆరోపించినవాని పేరు తెలిసినచో వ్రాయుడు. వ్రాయరానిచో అతడే పక్షమువాడో, దేని నాధారముగ ననుచున్నాడో యైనను వ్రాయుడు. ఈ రెండును చేతగానిచో, ఆ వార్తను వ్రాయకుడు.