కఠిన జలం

హైస్కూలు పిల్లలకి కఠిన జలం పాఠం ఇరవై రెండేళ్ళు చెప్పాను. కాల్షియం బైకార్బొనేట్ కలిసిన నీళ్ళు కాగితే అది కార్బొనేట్‌గా మారి గిన్నె అడుగున తెల్లగా కడుతుందని బోర్డు మీద సమీకరణం రాసి, కింద రెండు గీతలు గీసి మరీ చెప్పేవాణ్ణి. సాయంత్రం గురజాలలో ఇంటికొచ్చి అవే నీళ్ళు నా కారు రేడియేటర్లో పోసేవాణ్ణి. ఒకరోజు కాదు, ఆరేళ్ళు.

కారు 1998 మోడల్ మారుతి 800. నరసరావుపేటలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినాయన తాళాలతో పాటు సగం మిగిలిన ఆకుపచ్చ కూలెంట్ డబ్బా కూడా చేతిలో పెట్టాడు. దాని మీద యాంటీఫ్రీజ్ అని ఉంది. పల్నాడులో నీళ్ళెప్పుడు గడ్డకట్టాయి? రెంటచింతల పేరు పేపర్లో పడేది ఎండలకా, చలికా? ఈ జోకు స్టాఫ్‌రూంలో కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. డబ్బా అటకెక్కింది. గ్లైకాల్ కలిస్తే నీళ్ళు గడ్డకట్టే ఉష్ణోగ్రత దిగినట్టే మరిగే ఉష్ణోగ్రత పైకి పోతుందనీ, కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందు కూడా ఉంటుందనీ నాకు తెలియక కాదు. అడిగి ఉంటే ఐదు మార్కుల జవాబు రాసేవాణ్ణి.

మా బోరు నీళ్ళ సంగతి చెప్పాలి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకైనా, మాచర్ల సిమెంటుకైనా, మా ఇళ్ళల్లో పరిచే నాపరాళ్ళకైనా మూలం సున్నపురాయే. మేం తోడుకునే నీళ్ళు ఆ రాళ్ళ సందుల్లోంచి వచ్చేవే. బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు మూణ్ణెల్లకి తెల్లటి తొడుగేసుకుని వేలంత లావయ్యేది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకి, చేతులు దులుపుకుని, అదే బకెట్‌తో కారు దగ్గరికి పోయేవాణ్ణి. రాడ్డుకి పట్టింది రేడియేటర్‌కి పట్టదా అన్న ప్రశ్న ఆరేళ్ళలో ఒక్కసారి రాలేదు.

కారు చెప్పకపోలేదు. కోటప్పకొండ ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు సగం దాటేది. ఒక మెకానిక్ ‘ఈ ఎండల్లో ఇదెందుకు సార్’ అని థర్మోస్టాట్ వాల్వ్ పీకి పారేస్తే, నిజమే గదా అని తలూపాను. పొద్దున్నే ఇంజను త్వరగా వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగడం మొదలుపెడితే పెట్రోలు బంకు వాణ్ణి అనుమానించాను.

ఆ ఏడు మే నెలలో మాచర్లలో మా వాళ్ళ పెళ్ళి. మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. రెంటచింతల దాటాక మా ఆవిడ మీటర్ వంక చూసి, “ముల్లు ఎర్రగీత మీదికి పోయిందండీ, ఆపండి” అంది. మీటర్ పాడైందన్నాను. కాసేపటికి బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది, ఇక మీటర్ని అనడానికి లేదు.

దిగి, మెళ్ళో తువ్వాలు మడిచి మూత మీద వేశాను. అటుగా మోపెడ్ మీద పోతున్న పెద్దాయన ఆగి, “సారూ, ఇప్పుడే తియ్యమాకండి, చల్లారనీయండి” అన్నాడు. కారులోంచి మా ఆవిడ, “కుక్కర్ దించగానే మూత తీస్తామా?” అంది. సరిగ్గా అదే సూత్రం. మూత ఒత్తిడి నిలబెట్టినంతసేపూ లోపలి నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగవు. ఒత్తిడి పోయిన మరుక్షణం మొత్తం పొంగుతాయి. ముహూర్తానికి చాలా టైముంది, అయినా తిప్పాను. ముంజేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

అక్కడితో ఆగినా బాగుండేది. మండే చేత్తోనే తాగడానికి తెచ్చుకున్న చల్లటి నీళ్ళ క్యాను ఎత్తి సెగలు కక్కే ఇంజన్లోకి వంచేశాను. లోపల టప్పుమంది. పెద్దాయన ఏమీ అనకుండా మోపెడ్ స్టార్ట్ చేసుకుని పోయాడు. ఆయన ఆ మాత్రం తిట్టినా తేలికపడేవాణ్ణి.

ట్రాక్టర్‌కి తాడు కట్టి మాచర్ల చేరాం. మెకానిక్ డిప్‌స్టిక్ తీసి చూపించాడు. దానికి అంటింది ఆయిల్ కాదు, పాలెక్కువైన కాఫీ. హెడ్ గాస్కెట్ పోయింది, అల్యూమినియం హెడ్డు వంగింది. దాన్ని లేత్‌కి పంపి, రేడియేటర్ కింది హోస్ ఊడదీసి, గొట్టంతో వెనక నుంచి నీళ్ళు ఎక్కించాడు. మొదట ఎర్రమట్టి నీళ్ళు, తర్వాత బురద, ఆ తర్వాత టపటపా తెల్లటి పెచ్చులు. “సార్, ఇందులో నీళ్ళు పోశారా, సున్నం పోశారా?” అన్నాడు. నేను ఏం మాస్టారునో మా ఆవిడ చెప్తుందేమోనని భయపడ్డాను. చెప్పలేదు.

ట్యూబుల్లో రేకు దూర్చి గీకించి, కొత్త థర్మోస్టాట్ పెట్టి, హీటర్ నాబ్ ఎర్రవైపు తిప్పి, మంచి నీళ్ళతో నింపడం, వేడెక్కించడం, చల్లారాక వదిలేయడం, ఇలా నాలుగుసార్లు చేస్తే గానీ తేట నీళ్ళు రాలేదు. ఆఖర్న బ్యాటరీ నీళ్ళు, కూలెంట్ సగం సగం పోసి, మూత తీసి ఉంచే బుడగలు ఆగేదాకా ఇంజను ఆన్‌లో పెట్టాడు. కూలెంట్ మీద ఏడాదికి 400 మిగిల్చానని మురిసిపోయినవాణ్ణి 11,000 లెక్కపెట్టి ఇచ్చాను.

ఒక పెచ్చు జేబులో వేసుకొచ్చాను. జూన్‌లో బడి తెరిచాక ల్యాబ్‌లో దాని మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేస్తే బుసబుసా పొంగింది. ముందు బెంచీ పిల్ల వంగి చూసి, “ఎక్కడి రాయి సార్? గొట్టంలాగా వంపు తిరిగిందేంది?” అని అడిగింది.

పిడుగురాళ్ళదమ్మా అన్నాను.