గిటార్ ఆంప్‌కి ఎదురు చిట్కాలు

కొనకనమిట్ల వైపు ఎలక్ట్రిక్ గిటార్ వినిపించేది ఎక్కువగా ఆదివారం ఆరాధనలోనూ, తిరునాళ్లలో ఆర్కెస్ట్రా స్టేజీ మీదా. కుర్రాళ్లు ఇప్పుడు రెండు మూడు ఛానళ్ల ఆంప్‌లు కొంటున్నారు. గెయిన్, వాల్యూమ్, బాస్, మిడ్, ట్రెబుల్ అంటూ డజను నాబ్‌లుంటాయి. వాటిని ఎలా తిప్పాలో చెప్పేవాళ్లకు కరువు లేదు. నేను చెప్పేవి వాళ్ల మాటకు నేరుగా ఎదురు. చదవగానే ‘ఇదేం తిక్క సలహా’ అనిపిస్తుంది. అనిపించనివ్వండి, ఒక్క ఆదివారం మాత్రం పాటించి చూడండి.

నాబ్ ముట్టుకోకముందే స్పీకర్ సంగతి తేల్చండి. ఆంప్ మీద డబ్బంతా పోసి, చివరికి పాత మైక్‌సెట్ బాక్సుతో సరిపెట్టుకుంటారు. నా ఓటు చవక ఆంప్‌కీ మంచి స్పీకర్‌కీ. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని తనంతట తానే దించేస్తుంది. మైక్‌సెట్ బాక్సులో ట్వీటర్ ఉంటుంది, అది ఆ పైదంతా వినిపిస్తుంది. డిస్టార్షన్ ఛానల్‌ని దానికి తగిలిస్తే కందిరీగల తుట్టె కదిలినట్టుంటుంది. ట్రెబుల్ తగ్గించి ఆ రొద పోగొడదామంటే పాట స్పష్టతా దాంతోపాటే పోతుంది.

వాట్లు చూసి స్పీకర్ కొనకండి. ఆంప్ ఇచ్చేదాన్ని తట్టుకుంటే చాలు, వాట్ల పని అక్కడితో సరి. చూడాల్సింది సెన్సిటివిటీ. సెలెస్టియన్ వారి వింటేజ్ 30 తట్టుకునేది 60 వాట్లు, జీ12టీ-75 తట్టుకునేది 75. పెద్ద అంకె చూసి అందరూ రెండోదాని వైపు మొగ్గుతారు. కానీ ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే మొదటిది 100 డెసిబెల్స్, రెండోది 97. మూడు డెసిబెల్స్ అంటే ఆంప్ పవర్ రెట్టింపు చేసినంత తేడా.

రెండు స్పీకర్లు పెట్టేటప్పుడు ఒకే రకం జంట వద్దు. వింటేజ్ 30 పక్కన అదే కంపెనీ గ్రీన్‌బ్యాక్ పెట్టండి. మొదటిదాని గొంతు ముందుకు దూసుకొస్తుంది, రెండోది కాస్త మెత్తన. రెంటి ఓమ్స్ మాత్రం సమానంగా ఉండాలి. గ్రీన్‌బ్యాక్ 25 వాట్లే తట్టుకుంటుంది కనుక ఈ జంటకు 50 వాట్లకు మించి ఇవ్వకూడదు.

ఓమ్స్ దగ్గర ప్రయోగాలు పనికిరావు. రెండు 8 ఓమ్స్ స్పీకర్లు పారలల్‌లో 4 అవుతాయి, సీరీస్‌లో 16. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి దాని వెనక రాసిన అంకె కంటే తగ్గకూడదు. వాల్వ్ ఆంప్‌ని స్పీకర్ లేకుండా ఆన్ చేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

ఇంకో పని. ఆంప్ వైరు తీసేసి, గోడగడియారం సెల్లు ఒకదాన్ని స్పీకర్ రెండు కొసలకు క్షణంపాటు తాకించండి. కోన్ టప్పున ముందుకో వెనక్కో కదులుతుంది. ముందుకొస్తే సెల్లు ప్లస్ తాకిన కొసే స్పీకర్ ప్లస్. రెండో స్పీకర్‌కీ అలాగే చూసి గుర్తు పెట్టండి. ఒకటి తిరగేసి కలిపితే ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, బాస్ మాయమవుతుంది. ఆ బాస్ కోసం నాబ్ తిప్పుతూ సాయంత్రమంతా గడిపేస్తారు.

ఛానళ్లలో ముందు క్లీన్ సరిచేసుకోమంటారు. మీరు లీడ్‌తో, అంటే డిస్టార్షన్ ఛానల్‌తో మొదలుపెట్టండి. కీబోర్డు, ప్యాడ్స్, పాడేవాళ్లు అందరూ నిండుగా మోగుతుండగా లీడ్ ఎంత వినబడాలో అంత పెట్టండి. క్లీన్‌ని దానికి ఒక మెట్టు కింద ఉంచండి. చాలా ఆంప్‌లలో రెండు ఛానళ్లకూ టోన్ నాబ్‌లు ఒకటే. టోన్ తప్పితే ఎక్కువ చెడేది డిస్టార్షనే, కాబట్టి ముందు మాట దానిదే. మూడో ఛానల్ ఉంటే టేపు అంటించేయండి. రెండు గొంతుల్ని బాగా పట్టుకున్నవాడికి మూడోది అక్కర్లేదు.

గెయిన్ ఎంత? పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ని తలుచుకోండి. స్వరం ఇట్టే ఆరిపోయే వాయిద్యం అది. ఆయన జంట తీగలకు బదులు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని దాని మీద కర్ణాటక గమకం పలికించారు. మీ పాటలో అన్నిటికంటే పొడుగాటి గమకం ఆరిపోకుండా నిలిచేంత గెయిన్ చాలు. ఆపైన తిప్పినదంతా గమకాన్ని మింగేస్తుంది.

బాస్ 2 దగ్గర, ట్రెబుల్ 4 దగ్గర, మిడ్ 8 దగ్గర పెట్టండి. ఇంట్లో ఒక్కరే వాయిస్తే ఇది చెవికి ఇంపుగా ఉండదు, నాకు తెలుసు. కానీ ఇంట్లో మెల్లగా వాయించేటప్పుడు చెవికి కింది స్వరాలు తక్కువగా వినబడతాయి. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఇంట్లో నిండుగా తోచిన బాస్ రేకుల షెడ్డులో, సౌండు పెంచేసరికి బురదైపోతుంది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్, బాస్ గిటార్‌ది 41. ఆ కింది చోటు బాస్ గిటార్‌కీ, కీబోర్డు ఎడమ చేతికీ, ప్యాడ్స్‌కీ వదిలేయండి. మిడ్ 10 దాకా పోయినా భయం లేదు. ఫెండర్, మార్షల్ తరహా సర్క్యూట్లలో ఆ నాబ్ దేన్నీ పెంచదు, కోయడమే దాని పని. 10 అంటే ఆ కోతను వీలైనంత తగ్గించడం.

ఆంప్‌ని కాళ్ల వెనక నేలమీద పెట్టే ఆచారం మానేయండి. పన్నెండంగుళాల స్పీకర్ హెచ్చు స్వరాలను సూటిగా ముందుకే విసురుతుంది. అవి మీ పిక్కల పక్కనుంచి పోయి ముందు వరుసలో చాప మీద కూర్చున్న పెద్దవాళ్ల చెవుల్లో గుచ్చుకుంటాయి. మీకేమో మొద్దుగా వినబడి ట్రెబుల్ ఇంకా పెంచుతారు. ఆంప్‌ని పక్కన కుర్చీ ఎక్కించి మీ చెవి వైపు తిప్పండి. కోన్ ముందు ఒక మైక్ పెట్టి జనానికి మిక్సర్ నుంచి వినిపించండి.

అందరూ ఇచ్చే సలహాల్లో ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ఆంప్ గుయ్‌మంటోందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమంటారు. గిటార్ తీగలు వైరు ద్వారా ఆంప్ ఛాసిస్‌కే కలిసి ఉంటాయి. ఎర్త్ లేని ఆంప్‌లో కరెంటు లీకైతే, చేతులు తీగల మీద, పెదవులు మైక్ మీద ఉన్న కుర్రాడి గుండెలోంచి అది దారి చేసుకుంటుంది. రొద తగ్గాలంటే ఆంప్, మిక్సర్ రెండింటినీ ఒకే బోర్డు నుంచి పెట్టండి, షెడ్డుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. నా చిట్కాలన్నీ కాదన్నా సరే, ఆ పిన్ను జోలికి మాత్రం దయచేసి పోకండి.