దవాఖానకు అసలు గిరాకి ఎవరు?

వైద్యాన్ని బజారుకు వదిలేస్తే నాణ్యత దానంతటదే పెరుగుతుందని చెప్పే పండితులు ఒక్కసారి సిద్దిపేటకు రావాలి. రోగి గిరాకి, దవాఖాన దుకాణం. నచ్చితే కొంటాడు, నచ్చకపోతే పక్క దుకాణానికి పోతాడు. బట్టలకొట్టు విషయంలో ఈ లెక్కకు తిరుగులేదు.

ఈ వాదానికి పెద్దదిక్కు మిల్టన్ ఫ్రీడ్‌మన్. డాక్టర్లకు లైసెన్సులెందుకు, ఎవరి దగ్గరికి పోవాలో జనమే తేల్చుకుంటారని 1962లో ‘క్యాపిటలిజం అండ్ ఫ్రీడమ్’లో వాదించాడు. పాపం, ఆయన అక్కడ కన్న కల మన పల్లెల్లో ఎప్పుడో పండింది. దాని పేరు ఆరెంపీ. పేరులో ‘రిజిస్టర్డ్’ ఉంటుంది, ఏ రిజిస్టరులోనూ పేరుండదు. అయితే అర్ధరాత్రి జ్వరమొస్తే బండేసుకుని వచ్చేది ఆయనే. పైసలు పంట చేతికొచ్చాక ఇచ్చినా ఏమీ అనడు. ఇంతవరకు ఫ్రీడ్‌మన్ గెలిచాడనే ఒప్పుకోవాలి.

జబ్బు ముదిరితేనే అసలు బేరం మొదలవుతుంది. ఏ దవాఖానకు పోవాలో రోగి తేల్చడు, ఆరెంపీ తేలుస్తాడు. రోగిని పంపినందుకు కమీషన్ ముట్టజెప్పే ప్రైవేటు దవాఖానల ముచ్చట తెలంగాణలో ఎవరికీ కొత్త కాదు. కమీషన్ ఇవ్వడమూ పుచ్చుకోవడమూ తప్పని భారత వైద్య మండలి 2002లోనే నిబంధన రాసింది. అది డాక్టర్లకు. రిజిస్టరులో లేని ఆరెంపీని ఏ మండలి పిలిచి అడుగుతుంది? కాబట్టి పోటీ లేదనలేం. జోరుగా ఉంది, ఆరెంపీని మెప్పించడానికి! ఎడ్ల అంగట్లో బేరమాడేది రైతూ దళారీ. ఎద్దును ఎవరూ అడగరు.

ఇక కాన్పుల సంగతి. సిజేరియన్లు నూటికి పది పదిహేను మించనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో చెప్పింది. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు దవాఖానల్లో అవి 81.5 శాతం. సర్కారు దవాఖానల్లోనూ 44.5 శాతం, అదేం మెచ్చుకోదగ్గ లెక్క కాదు. కానీ ప్రైవేటుకు ఒక సౌకర్యం ఉంది: ముహూర్తం. నొప్పులకు పంచాంగం చదవడం రాదు, కత్తికి వచ్చు. సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావు ఆరోగ్యమంత్రిగా ఉన్న రోజుల్లో అనవసరపు కోతలు మానమని పదే పదే చెప్పాల్సి వచ్చిందంటే, బజారు తనను తాను ఎంత చక్కగా దిద్దుకుందో చూడండి.

వైద్యంలో ఏం కొనాలో కొనేవాడికన్నా అమ్మేవాడికే ఎక్కువ తెలుసని, అందుకే అది మామూలు సరుకు కాదని కెనెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1963లోనే వివరించాడు. మన పండితులు మాత్రం ఇంకా రోగి ‘ఎంపిక’ గురించే మాట్లాడుతున్నారు.

సరే, ఎంపికే అనుకుందాం. ఆపరేషన్ థియేటర్ ముందు ఒకాయన నిలబడ్డాడు. బిడ్డ అడ్డం తిరిగింది, సంతకం పెట్టమని నర్సు కాగితం చాపింది. పండితుల లెక్కన ఆయన చేయాల్సిందల్లా లోపలున్న భార్యకు ఒక్క మాట చెప్పడమే: పాత బస్టాండు దిక్కు ఇంకో రెండు దవాఖానల్లో ధర కనుక్కొస్తా, అప్పటిదాకా నొప్పులు ఆపుకో.