నా చెవుల గొప్ప

సల్సా సంగీతం గురించి నాకు తెలిసింది తక్కువ, చెప్పింది మాత్రం చాలా ఎక్కువ. ఫానియా కంపెనీ రికార్డులు కొన్ని విన్నాను. క్లావే అంటే రెండు బార్లలో పడే ఐదు దెబ్బలని నేర్చుకున్నాను. అంతే, తీర్పులివ్వడానికి కూర్చున్నాను. 1970ల న్యూయార్క్ సల్సాయే అసలుది: ట్రాంబోన్లు గర్జించాలి, గాయకుడు కోరస్‌తో పోటీపడి అప్పటికప్పుడు మాటలు కట్టాలి, బీదపేటల కష్టం వినిపించాలి. 1980లలో వచ్చిన రొమాంటిక్ సల్సా నకిలీ. పాడటం చేతకానివాళ్లూ క్లావే తెలియనివాళ్లూ చేరి సంగీతాన్ని పాడుచేశారు. ఇదీ నా సిద్ధాంతం.

ఇంటికొచ్చినవాళ్లెవరూ ఇది వినకుండా కాఫీ తాగి వెళ్లలేదు. సాక్ష్యానికి రెండు పాటలు వినిపించేవాణ్ని. మొదటిది ఎడ్డీ పాల్మియేరీ 1974 ఆల్బం ‘ద సన్ ఆఫ్ లాటిన్ మ్యూజిక్’లోని ‘దెసేయో సల్వాహే’. గ్రామీల్లో లాటిన్ సంగీతానికంటూ బహుమతి పెట్టాక మొదట అందుకున్న ఆల్బం అది. “విన్నారా, గొంతంటే ఇదీ!” అనేవాణ్ని. రెండోది 1988లో లాటిన్ లోకమంతా మోగిన ‘వెన్, దెవోరామె ఓత్రా వెస్’. పడకగది పాట. “చూశారా, ఎంతకి దిగజారారో!” అంటూ సగంలో ఆపేసేవాణ్ని.

ఓసారి మా అన్నయ్య కూతురు రెండూ ఓపిగ్గా విని, ఫోన్లో ఏదో చూసి, “బాబాయ్, రెండూ పాడింది ఒకాయనేగా?” అంది.

లాలో రోద్రీగెస్. ప్వెర్తో రీకో మనిషి. పాల్మియేరీ దగ్గర పాడేనాటికి ఆయనకి 16 ఏళ్లు, రెండో పాట నాటికి 30కి అటూ ఇటూ. నా ఫైళ్లలో పేర్లు లేవని బుకాయించాను. పేరు చూడాలని నాకు తోచనే లేదు. పైగా నాకు బీదపేటల కష్టం వినిపించిన ఆ మొదటి పాట కూడా మోహం గురించేనట. స్పానిష్ రాకపోవడం నా సిద్ధాంతానికి ఎంత బలమిచ్చిందో!

అక్కడితో నోరు మూసుకున్నా పరువు కొంత దక్కేది. “సరేనమ్మా, ఆయన డబ్బుకి లొంగాడు. అసలీ పద్ధతి మొదలెట్టినవాళ్లని చూడు, క్లావే తెలియని వ్యాపారులు” అన్నాను. ఆ పిల్ల అదీ వెతికింది.

రొమాంటిక్ సల్సాకి నాంది అని చాలామంది చెప్పేది 1982 ఆల్బం ‘నోచెస్ కాలియెంతెస్’. చేసింది లూయీ రమీరెస్. న్యూయార్క్‌లో పుట్టినవాడు, వైబ్రాఫోన్ వాయించేవాడు, ఫానియా రికార్డులకే ఏళ్ల తరబడి వాద్యాలు కూర్చినవాడు. అంటే నేను దండం పెట్టుకునే సల్సా వంటింట్లోని మనిషే! అప్పటికి డొమినికన్ల మెరెంగే సంగీతం డాన్సు హాళ్లను లాగేసుకుంటోంది. ఆయన జనానికి బాగా తెలిసిన స్పానిష్ ప్రేమగీతాలు తీసుకుని, రే దె లా పాస్ వంటివాళ్ల చేత పాడించి, కింద కోంగా, టింబాలెస్ డ్రమ్ములు నడిపించాడు. గొంతు ముందుకొచ్చింది, బాకాలు కాస్త వెనక్కి జరిగాయి. క్లావే ఉన్నచోటే ఉంది. తర్వాత ఫ్రాంకీ రూయిస్, ఎడ్డీ సాంతియాగో అదే దారిలో పేరు తెచ్చుకున్నారు.

ఇప్పటికీ నాకు రొమాంటిక్ సల్సా అంతగా ఎక్కదు. కోరస్‌తో ఆ పోటీ ఇంకాసేపు సాగాలనిపిస్తుంది. వచ్చినవాళ్లకి ఆ ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ‘నాకు నచ్చదు’ అనడానికి నామోషీపడి, ఏకంగా చరిత్రే చెప్పేశాను.